ఛైర్మన్ గారి బండికి తగిన రోడ్డు

...నెట్టేవి వెనక చక్రాలు, పేరు మాత్రం ముందు చక్రాలది. మలుపు తిరిగేవి అవే, ఊళ్లోకి ముందుగా ప్రవేశించేవి అవే, కొత్త బండికి పూజ చేసినప్పుడు మొదట నిమ్మకాయ తొక్కి దండం పెట్టించుకునేవీ అవే. వెనక చక్రాలకు జీవితాంతం కనిపించేది ముందువాళ్ల వీపు. నాలుగూ కలిసి నెడితే ఎలా ఉంటుంది? అప్పుడు ముందు చక్రాలకు కూడా బురద బరువు తెలుస్తుంది. ఫోర్ వీల్ డ్రైవ్ అంటే ఇంతే, అంతకంటే ఏమీ లేదు, అని జేమ్స్ స్టీరింగ్ మీద చుబుకం ఆనించుకుని అనుకుంటూ ఉండగా హాల్లోంచి చప్పట్లు వినిపించాయి.

జేమ్స్‌కు యాభై రెండేళ్లు. పదకొండేళ్లుగా నాగేంద్రబాబు గారి దగ్గర డ్రైవరు. డ్రైవరు పనంటే బండి నడపడమని బయటివాళ్లు అనుకుంటారు. నిజానికి అది బండి ఆపి కూర్చునే పని. రెండు గంటలు నడిపితే ఎనిమిది గంటలు కూర్చోవాలి. కాళ్లూ చేతులూ ఖాళీగా ఉన్న ఆ ఎనిమిది గంటలూ మనసు మాత్రం న్యూట్రల్లో పెట్టిన ఇంజనులా ఆడుతూనే ఉంటుంది. ఎక్కడికీ వెళ్లదు, డీజిలు మాత్రం తాగుతుంది.

చప్పట్లు మచిలీపట్నం గెస్ట్‌హౌస్ హాల్లోవి. లోపల నాగేంద్రబాబు గారు విలేకరులతో మాట్లాడుతున్నారు. ఆయన తీర గ్రామీణ రహదారుల సలహా మండలికి ఛైర్మన్. ఆ మండలి పని సలహా ఇవ్వడం. ఏ ఊరివాళ్లయినా రోడ్డు కావాలని అడిగితే, ఇంజనీర్లు వేసిన అంచనా కాగితం ఛైర్మన్ గారి బల్ల మీదికి వస్తుంది. దాని మీద ఆయన 'అవసరం' అనో, 'అవసరం లేదు' అనో రాసి సంతకం పెట్టాలి. పెడితేనే ఫైలు ముందుకు కదులుతుంది. రెండేళ్ల పదవీకాలంలో నాగేంద్రబాబు గారు ఒక్క ఊరి ఫైలు మీద కూడా 'అవసరం లేదు' అని రాయలేదు. 'అవసరం' అని కూడా రాయలేదు. అంతటి నిష్పక్షపాతం గల మనిషి జిల్లాలో ఇంకొకరు దొరకడం కష్టం.

జేమ్స్ బండి దిగి హాలు కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"ప్రజల సొమ్ము ఒక్క రూపాయి నా మూలంగా వృథా అయిందంటే ఆ పూట నాకు అన్నం సహించదు," అంటున్నారు ఛైర్మన్ గారు. "అందుకనే లోతుగా ఆలోచించి, మెయింటెనెన్స్ తక్కువ వచ్చే ఫోర్ వీల్ డ్రైవ్ ఫ్యామిలీ వాహనం ఒకటి మండలి నిధులతో కొనాలని చారిత్రాత్మక నిర్ణయం తీసుకున్నాం."

"మండలికి ఫ్యామిలీ వాహనం ఎందుకండీ?" అని ఒక విలేకరి అడిగాడు.

"దివిసీమంతా నా ఫ్యామిలీయే కదయ్యా!"

"సీట్లు ఏడే ఉంటాయి కదండీ."

"దశలవారీగా ఎక్కిస్తాం."

"మరి ఫోర్ వీల్ డ్రైవ్ ఎందుకండీ?"

"రోడ్లు బాగోలేవు."

"రోడ్ల మండలి ఛైర్మన్ మీరే కదండీ."

"అందుకనే నాకు తెలిసింది. తెలియనివాడైతే మామూలు కారు కొనుక్కుని మోసపోయేవాడు."

మళ్లీ చప్పట్లు. చప్పట్లు మొదలుపెట్టేది ఎప్పుడూ పీఏ ప్రసాదే. 

జేమ్స్‌కు సంతోషం వేసింది. ఒకటి కాదు, రెండు సంతోషాలు. మొదటిది: ఇంత పెద్ద బండి వచ్చాక ఛైర్మన్ గారు తాటిదిబ్బ దాకా రాక తప్పదు, వస్తే రోడ్డు చూడక తప్పదు, చూస్తే సంతకం పెట్టక తప్పదు. రెండోది: ఆ బండి నడిపేది తనే. రెండో సంతోషాన్ని మొదటిదాని వెనక నిలబెట్టాడు, గ్రూపు ఫొటోలో పొడుగువాడి వెనక పొట్టివాణ్ని నిలబెట్టినట్టు. పొట్టివాడు కనబడడనే అతని నమ్మకం. 

తాటిదిబ్బ జేమ్స్ సొంత ఊరు. అవనిగడ్డ దాటి కరకట్ట మీద వెళ్తే, కట్ట దిగిన చోటు నుంచి ఊరికి నాలుగున్నర కిలోమీటర్ల మట్టిరోడ్డు. మధ్యలో మురుగుకాలువ మీద తూము. ఏడాదిన్నర కిందట తుఫానుకి తూము కూలి, దాని చోట ఒక గొయ్యి మిగిలింది. ఎండాకాలం దుమ్ము, వానాకాలం బురద. ఏ కాలంలోనూ రోడ్డు మాత్రం కాదు. జేమ్స్ కూతురు షీబా ఆ ఊరి నర్సు. మూడు నెలల కిందట టీకాల పెట్టెతో స్కూటీ మీద వస్తూ అక్కడే పడింది. పడుతూ పడుతూ పెట్టెను కుడిచేత్తో పైకెత్తి పట్టుకుంది. అందువల్ల ఎడమ మణికట్టు విరిగింది, టీకాలకు ఏమీ కాలేదు.

ఆ వారంలోనే తాటిదిబ్బ అంచనా ఫైలు మండలికి వచ్చింది. దాన్ని కారులోంచి తీసి ఛైర్మన్ గారి బల్ల మీద పెట్టినవాడు స్వయంగా జేమ్సే.

"మన ఊరి రోడ్డేనా? అయిపోయిందనుకో జేమ్సూ," అన్నారు నాగేంద్రబాబు గారు.

అనుకోమన్నారు కాబట్టి జేమ్స్ అనుకున్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ ఆదివారం చర్చి గుడిలో, పొందిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచి నిలబడి, తాటిదిబ్బకు రోడ్డు వచ్చినందుకు దేవునికి స్తోత్రం చెప్పి, కృతజ్ఞతార్పణగా ఒక కోడిపెట్టను సమర్పించాడు. ఆరాధన అయ్యాక ఆనవాయితీ ప్రకారం పెట్టను వేలం వేశారు. పాడుకున్నవాళ్లు ఆ మధ్యాహ్నమే కూర వండుకుని తిన్నారు. కాబట్టి వెనక్కి తీసుకునే వీలు ఏ విధంగానూ లేకపోయింది.

"రాని రోడ్డుకి దేవుడికి అడ్వాన్సు ఇచ్చినోడివి నువ్వొక్కడివే నాన్నా," అంది షీబా, సిమెంటు కట్టు ఒళ్లో పెట్టుకుని. 

అప్పటి నుంచి ప్రతి ఆదివారం పాస్టరు సుందరరాజు అయ్యగారు ప్రార్థనలో 'మా సహోదరుడు జేమ్స్ గారి రోడ్డును' జ్ఞాపకం చేసుకుంటున్నారు. ఊళ్లోవాళ్లకూ ఆ పేరే అలవాటైంది. "ఏవైందిరా మోకాలికి?" అని ఎవరైనా అడిగితే, "జేమ్స్ గారి రోడ్డు మీద పడ్డా," అంటున్నారు. ఒక మనిషి పేరు బతికుండగానే రోడ్డుకు పెట్టడం మామూలు విషయం కాదు. జేమ్స్ మాత్రం ఆ పేరు వినిపిస్తే పక్క సందులోకి తిరిగేవాడు. రోడ్డు పడితే తప్ప తన పేరు తనకు తిరిగి రాదని అతనికి తెలుసు.

*

వాహనం ఎంపికకు గుడివాడ షోరూముకు వెళ్లారు. ఛైర్మన్ గారు, ఆయన భార్య మాధవీలత గారు, ప్రసాద్, జేమ్స్. మాధవీలత గారు రావడానికి కారణం ఉంది. బండి కొనడానికి మండలిలో నిధులున్నాయి గానీ, దాన్ని పోషించడానికి లేవు. మెయింటెనెన్స్ వాడుకునేవారే భరించాలని ఏదో పాత జీవో అడ్డం పడింది. ఆ క్షణం నుంచి మెయింటెనెన్స్ ఆ ఇంట్లో సిద్ధాంత సమస్య అయింది. 

మాధవీలత గారిది మొవ్వ దగ్గర వ్యవసాయ కుటుంబం. "మా నాన్న ట్రాక్టర్ని షోరూములో ఒక్కసారే కొన్నాడు. తర్వాత మెకానిక్ దగ్గర ముప్ఫైసార్లు కొన్నాడు," అన్నది ఆమె కూర్చుంటూనే.

సేల్స్ అబ్బాయి గిరీష్ టై సర్దుకున్నాడు. "మేడమ్, దీంట్లో హిల్ డిసెంట్ కంట్రోల్ ఉందండి. ఎంత నిటారైన కొండైనా బ్రేకు తొక్కకుండా దిగిపోవచ్చు."

"చూపించు," అన్నారు ఛైర్మన్ గారు.

అందరూ బయటికి వచ్చి నాలుగు దిక్కులా చూశారు. గుడివాడ నుంచి సముద్రం దాకా కృష్ణా డెల్టా చాపలా పరుచుకుని ఉంది. వరి కోసిన మళ్లు, కొబ్బరిచెట్లు, చేపల చెరువులు. మనిషి ఎక్కదగినంత ఎత్తున్నది కనుచూపు మేరలో ఒక్క వాటర్ ట్యాంకు.

"రైల్వే బ్రిడ్జి ఉంది కదండి," అన్నాడు గిరీష్ ఆలోచించి.

రైల్వే బ్రిడ్జి ఎక్కి దిగారు. బండి చక్కగా దిగింది. వాళ్ల వెనకే ఒక సోడాబండి కూడా అంతే చక్కగా దిగింది.

"సర్వీసు సంగతి చెప్పు బాబూ," అన్నది మాధవీలత గారు.

"ఫస్ట్ త్రీ సర్వీసెస్ ఫ్రీ మేడమ్."

"తర్వాత?"

"తర్వాత మీరు మా ఫ్యామిలీ మేడమ్."

ఫ్యామిలీ అంటే ఏమిటో ఆ ఇంట్లోవాళ్లకు బాగా తెలుసు. మాధవీలత గారు గిరీష్‌ను వదిలేసి వెనక్కి తిరిగింది.

"జేమ్సూ, నువ్వు చెప్పు. నీకు ఈ బళ్లు తెలుసుగా."

తెలుసు. కుర్రతనంలో మిషన్ ఆస్పత్రి జీపు ఎనిమిదేళ్లు నడిపాడు జేమ్స్. తుఫాను వచ్చినప్పుడల్లా లంక గ్రామాల బురదలో చిన్న లివరు లాగి నాలుగు చక్రాలతో ఎన్ని ప్రసవాలు ఒడ్డుకు చేర్చాడో లెక్కలేదు. ఆ సంగతి పదకొండేళ్లలో ఎవరూ అడగలేదు. ఇప్పుడు షోరూము ఏసీలో నలుగురు మనుషులు ఒక్కసారే అతని మొహంలోకి చూస్తున్నారు. ఆ చూపుల వెచ్చదనం అతనికి నెత్తికెక్కింది. పొట్టివాడు పొడుగువాణ్ని తోసుకుని ముందుకొచ్చాడు.

"కొనడం తేలికేనమ్మా, సాకడమే కష్టం. ఒక్క టైరు అరిగినా నాలుగూ మార్చాలి. ఆయిలు మూడు చోట్ల పోయాలి. సముద్రం వైపు వెళ్లొచ్చినప్పుడల్లా కింద ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడగాలి. అవన్నీ చిన్నవే. లోపల ఫోర్ వీల్ రబ్బరు సీళ్లు ఎండిపోయి ఆయిలు కారితే మాత్రం బండి మొత్తం దింపాలి. ప్రాణం తీసే ఖర్చు అదేనమ్మా."

"అది రాకుండా?"

"నెలకోసారైనా ఫోర్ వీల్ వేసి పది పదిహేను కిలోమీటర్లు తిప్పాలి. ఆయిలు ఆడితే సీళ్లు మెత్తగా ఉంటాయి. వాడకపోతేనే పాడైపోద్ది."

"ఓస్, అంతేనా! హైవే మీద రోజూ వేద్దాం," అన్నారు ఛైర్మన్ గారు.

"తారు మీద వేయకూడదండీ." జేమ్స్ రెండు చేతులూ రెండు ఇరుసుల్లా చాపి చూపించాడు. "గట్టి రోడ్డు మీద ముందుదీ వెనకదీ ఒకదాన్నొకటి గుంజుకుంటాయి. గేర్లు పట్టేస్తాయి. మట్టి మీదే వేయాలి. చక్రం కాస్త జారాలండీ."

"మట్టిరోడ్డా? మన పరిధిలో ఎక్కడుంది ప్రసాదూ?"

ప్రసాద్ ఫోన్లో వెతుకుతుంటే జేమ్స్ ఆగలేకపోయాడు. "మా ఊరిది ఉందండీ! రానూ పోనూ తొమ్మిది కిలోమీటర్లు. తూము దగ్గరైతే అసలు ఫోర్ వీల్ లేకపోతే లేవదు. వెనక చక్రాలు రెండే తిరిగితే అక్కడే గొయ్యి తవ్వుకుని ఇరుసు దాకా కూర్చుంటది. నాలుగూ తిరిగితే పూలమీద పోయినట్టు పోద్ది."

నాగేంద్రబాబు గారు లేచి జేమ్స్ భుజం మీద చెయ్యి వేశారు. "నువ్వు డ్రైవరువి కాదయ్యా. కన్సల్టెంటువి."

తిరిగి వస్తున్నంతసేపూ జేమ్స్ ఆ మాటను నాలుక మీద బిళ్లలా చప్పరిస్తూ వచ్చాడు. పామర్రు దాటాక బిళ్ల కరిగిపోయింది. అప్పుడు నోట్లో ఒక చేదు మిగిలింది. అదెక్కడిదో అతను వెంటనే వెతకలేదు. వెతికితే దొరుకుతుందని తెలిసిన వస్తువును మనిషి వెతకడు. 

*

ఆ తర్వాత పరిపాలన అంటే ఏమిటో మండలి చూపించింది. మూడు నెలలుగా కదలని తాటిదిబ్బ ఫైలు మూడు రోజుల్లో కదిలింది. ప్రసాద్ దాని పైన ఒక నోట్ పెట్టాడు. 'సదరు మార్గము మండలి వాహనము యొక్క ప్రివెంటివ్ మెయింటెనెన్స్‌కు అత్యావశ్యకమైనందున, దానిని యథాతథ స్థితిలో పరిరక్షించవలెను.' 

కరకట్ట దిగే చోట ఆకుపచ్చ బోర్డు వెలిసింది: 'తాటిదిబ్బ సహజ మార్గం. చదును చేయరాదు.'

ఛైర్మన్ గారు పేపర్లకు ప్రకటన ఇచ్చారు. సిమెంటు మోజులో పడి మన పూర్వీకుల మట్టిని మరిచిపోతున్నామని, కనీసం ఒక్క రోడ్డునైనా భావితరాలకు ఉన్నది ఉన్నట్టుగా అందించాలని ఆయన సంకల్పం. చదివినవాళ్లు కదిలిపోయారు. తాటిదిబ్బకు పేపరు రాదు, రోడ్డు లేదు కాబట్టి.

"ఆ బోర్డేంటి నాన్నా?" అని అడిగింది షీబా. కట్టు విప్పారు గానీ ఆ చేత్తో ఇంకా చెంబు ఎత్తలేకపోతోంది.

"ప్రభుత్వ వ్యవహారం."

"నువ్వేవన్నా అన్నావా అక్కడ?"

"టెక్నికల్‌గా ఒక మాట అడిగితే చెప్పాను."

"ఏవని?"

జేమ్స్ చెప్పులు వెతుక్కునే పనిలో పడ్డాడు. చెప్పులు అతని కాళ్లకే ఉన్నాయి.

ఊళ్లో పున్నారావుకు బోర్డు మీద నమ్మకం కుదరలేదు. అతనికి ఒక ట్రాక్టరుంది. సముద్రంలో పట్టిన చేపలను ఐసు పెట్టెల్లో చల్లపల్లి వైపు తోలతాడు. తూము దగ్గర ట్రాక్టరు దిగబడి గంట ఆగితే ఐసు సగం కరుగుతుంది, చేప ధర కూడా దాంతోపాటే కరుగుతుంది. ఒకనాటి పొద్దున్నే రెండు ట్రక్కుల సముద్రపు గుల్ల తెచ్చి గొయ్యి పూడ్చి, బ్లేడుతో చదును చేసేశాడు. 

సాయంత్రానికి ప్రసాద్ వచ్చాడు. బండిలో తనను దింపిన జేమ్స్‌ను ఇంటికి పంపలేదు, పక్కనే నిలబెట్టుకున్నాడు.

"ఎవరండీ గొయ్యి పూడ్చింది?"

"నేనేనండీ," అన్నాడు పున్నారావు, సన్మానం చేస్తారేమోనని చేతులు తుడుచుకుంటూ.

"గవర్నమెంటు ఆస్తి ధ్వంసం చేశారు మీరు."

"గొయ్యి కూడా ఆస్తేనాండీ?"

"ఎవరు పూడ్చారో వాళ్లే తవ్వాలి. రేపటికల్లా."

పున్నారావు జేమ్స్ వైపు చూశాడు. "ఏంటి బావా ఇది? మీ ఆఫీసోళ్లకి ఒంట్లో బాగానే ఉందా?"

జేమ్స్ వంగి ప్యాంటుకు అంటిన గుల్ల దులుపుకున్నాడు.

"సరే, తవ్వుతానండీ. ఎంత లోతు తవ్వమంటారు?"

ప్రసాద్ సంచీలోంచి షోరూము వాళ్ల రంగుల పుస్తకం తీసి పేజీలు తిప్పాడు. "గ్రౌండ్ క్లియరెన్స్‌కి రెండంగుళాలు తక్కువ ఉండాలి. ఇంకా లోతైతే బండి కింద తగులుతుంది. మాకు క్వాలిటీ ముఖ్యం."

పున్నారావు టేపు పెట్టి తవ్వాడు. ఆ దివిసీమలో ఇంజనీరింగ్ ప్రమాణాల ప్రకారం జరిగిన పని అదొక్కటే.

ఏప్రిల్ వచ్చేసరికి మరో చిక్కు. ఎండకు గొయ్యి గట్టిపడి రాయిలా తయారైంది. రాయి మీద చక్రం జారదు. చక్రం జారకపోతే గేర్లు పట్టేస్తాయని కన్సల్టెంటు గారి అభిప్రాయం ఫైల్లో ఉంది. కాబట్టి మండలి తరఫున వారానికో నీళ్ల ట్యాంకరు మంజూరైంది. 

తాటిదిబ్బ బోర్లలో వచ్చేది ఉప్పునీరు. ట్యాంకరును చూసి ఆడవాళ్లు బిందెలతో పరిగెత్తుకొచ్చారు. అందరికంటే ముందు పున్నారావు భార్య మహాలక్ష్మి.

"ఇవి తాగేవి కాదమ్మా, రోడ్డువి," అన్నాడు ట్యాంకరు అతను, తూము దగ్గర పైపు వదులుతూ.

"రోడ్డుకి దాహం వేసిందాండీ?"

"నాకేం తెలుసమ్మా, ఆర్డరు. అడుగో, ఆయన్నడగండి."

జేమ్స్ అక్కడే ఉన్నాడు, బురద సరిపడా అయిందో లేదో చూసి చెప్పడానికి. మహాలక్ష్మి అతన్ని ఏమీ అడగలేదు. గోతిలో నిండుతున్న నీళ్లను చెంబుతో పైపైన ముంచి బిందెలో పోసుకుంది. బిందె అంచుకు పైట చెంగు వడకట్టుగా పట్టుకుంది. వెళ్తూ వెళ్తూ, "నీ రోడ్డు చల్లగా ఉండాలి అన్నయ్యా," అంది.

ఆ రాత్రి అన్నం తింటూ మజ్జిగ తాగలేకపోయాడు జేమ్స్. కోపం వచ్చిందేమోనని లోపల తడిమి చూసుకున్నాడు. కోపం లేదు. ఇంకేదో ఉంది. ఎవరి మీదైనా కోపం తెచ్చుకుందామంటే, ఆ కోపం తిరిగి తిరిగి కన్సల్టెంటు దగ్గరికే వచ్చి ఆగుతోంది.

*

బండి వచ్చింది. తెల్లది, ఎత్తైనది. గేరు రాడ్డు పక్కనే ఒక గుండ్రటి మీట, దాని మీద రెండు, నాలుగు అని అంకెలు, నెట్టే చక్రాల లెక్క. ఆ మీటను మొదటిసారి తిప్పినప్పుడు లోపల ఎక్కడో టక్కుమని వినిపించిన చిన్న చప్పుడు జేమ్స్ వేళ్లలో చాలాసేపు నిలిచింది. పాత జీపు కూడా అలాగే పలికేది.

తొలి వ్యాయామానికి ఆదివారం నిర్ణయించారు. నాగేంద్రబాబు గారు సర్వమత సమభావం గలవారు. ఇంటి దగ్గర పురోహితుడితో పూజ చేయించి, చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించి (ఫోర్ వీల్ డ్రైవ్‌కు రెండు చాలవని ప్రసాద్ సూచన), కరకట్ట దగ్గర సుందరరాజు అయ్యగారితో ప్రార్థన చేయించారు. అయ్యగారు అలవాటు కొద్దీ 'జేమ్స్ గారి రోడ్డును' కూడా ఆశీర్వదించారు. ఎవరూ నవ్వలేదు.

ముందు సీట్లో ఛైర్మన్ గారు. తెల్ల లాల్చీ, తెల్ల పంచె, తెల్ల కొత్త చెప్పులు. వెనక మాధవీలత గారు, ఫోను పట్టుకుని వీడియో తీస్తూ ప్రసాద్. గుడి నుంచి వచ్చినవాళ్లూ, వలలు ఆరేసి వచ్చినవాళ్లూ రోడ్డుకు రెండు వైపులా నిలబడ్డారు. తూముకు అవతల షీబా స్కూటీ ఆపుకుని నిలబడి ఉంది. ఆ రోజు పోలియో ఆదివారం. చుక్కల మందు పెట్టె కుడిచేతిలో ఉంది, ఎడమచెయ్యి పెట్టె అడుగున ఊరికే ఆనించి ఉంది. బండి గొయ్యి దాటితే గానీ ఆమె ఇవతలి గుడిసెలకు రాలేదు.

జేమ్స్ మీటను నాలుగుకు తిప్పాడు. బండి మట్టిరోడ్డులోకి దిగింది.

లోపల ఏమీ తెలియలేదు. అతను చెప్పినట్టే అయింది. పూలమీద పోయినట్టు పోతోంది. ఏసీ చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. బయట జనం నోళ్లు కదులుతున్నాయి, మాటలు వినిపించడం లేదు.

"ఇదేంటయ్యా," అన్నారు నాగేంద్రబాబు గారు కాసేపటికి. "రోడ్డు బ్రహ్మాండంగా ఉందిగా!"

"సూపర్ సార్," అన్నాడు ప్రసాద్.

"దీనికి మళ్లీ అంచనా ఏంటి? ఫైలుందా?"

"ఉంది సార్. మీరు ఏ క్షణాన అడుగుతారోనని ఎప్పుడూ దగ్గరే పెట్టుకుంటాను."

"ఇటియ్యి. ఈ సంగతి ఈ రోజుతో తేల్చేద్దాం. బండి నడుస్తుండగానే రాస్తాను. వీడియో తియ్యి. అక్షరం వంకర పోయిందేమో జనం చూసి చెప్పాలి. అంతకంటే రుజువేం కావాలి?"

"ఏం రాస్తారండీ?" అంది మాధవీలత గారు.

"'అవసరం లేదు' అని. రెండేళ్లుగా ఒక్క నిర్ణయం కూడా తీసుకోలేదంటున్నారుగా! ఇదిగో, తీసుకుంటున్నా."

జేమ్స్ రోడ్డునే చూస్తున్నాడు. నల్లగా, తడిగా, టేపు పెట్టి తవ్విన గొయ్యి ఇరవై గజాల దూరంలో ఉంది. దాని అవతల షీబా పెట్టెను కొంచెం పైకెత్తి పట్టుకుంది, ఎవరూ పడకపోయినా. అలవాటైపోయినట్టుంది. అతనికి ధైర్యం రాలేదు. పౌరుషమూ రాలేదు. గుడిలో కాళ్లు కట్టి పెట్టిన కోడిపెట్ట, తలొకపక్కకు వంచి తన వైపు చూసిన చూపు మాత్రం గుర్తొచ్చింది.

"మెల్లగా పోనీయ్ జేమ్సూ. గొయ్యి దాటేటప్పుడు సంతకం పెడతా."

"అలాగేనండీ."

ఛైర్మన్ గారు ఫైలును మోకాలి మీద సర్దుకున్నారు. పెన్ను మూత తీశారు. ప్రసాద్ ఫోను దగ్గరకు జరిపాడు. ముందు చక్రాలు బురద అంచును తాకాయి.

జేమ్స్ ఎడమచెయ్యి గేరు రాడ్డు మీంచి లేచి, పక్కనున్న మీట మీద ఒక్క క్షణం ఆగి, దాన్ని నాలుగు నుంచి రెండుకు తిప్పింది.